24 టీబీ కొన్నా, చోటు మాత్రం పెరగలేదు: ఇంటి సర్వర్ డ్రైవ్‌లు మళ్ళీ సర్దిన కథ

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది. వీడియో చూసే టైమ్ లేనివాళ్ళ కోసం మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా. మాట్లాడినట్టే రాశా, ఏమీ అనుకోకండి.

మొన్నొక ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, తాతయ్య పద్యాల క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించావు కదా, ఒకటి నా ఫోన్‌కి పంపరా" అంది. మా తాతయ్య హార్మోనియం ముందేసుకుని పాడిన పద్యాలు, మొత్తం ఆరు క్యాసెట్లు. బూజు పట్టి పాడైపోతుంటే చివరి నిమిషంలో ఎలాగోలా రికార్డ్ చేశా. ఆ తర్వాత టేపులు పూర్తిగా పోయాయి. సరే అని సర్వర్‌లోకి లాగిన్ అయ్యా. ఫైల్ దొరికింది, అమ్మకి పంపేశా. అలవాటు కొద్దీ 'జెడ్‌పూల్ స్టేటస్' కొట్టి చూస్తే ఒక డ్రైవ్ పక్కన రీడ్ ఎర్రర్స్ 11 అని ఉంది.

అప్పుడు వెలిగింది. తాతయ్య గొంతు ఈ భూమ్మీద ఈ ఒక్క డబ్బాలోనే ఉంది. నాలుగు డ్రైవ్‌లు పెట్టాం, రెయిడ్ చేశాం, ఇంకేం భయం అని ఇన్నాళ్ళూ ధీమాగా కూర్చున్నా. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం చేసి, మీకు బ్యాకప్ గురించి క్లాసులు పీకి, మా ఇంట్లో చేసింది మాత్రం ఇదీ.

ముందు నా సెటప్ ఏంటో చెప్తా. పాత డెస్క్‌టాప్ క్యాబినెట్, అందులో నాలుగు 4 టీబీ హార్డ్ డ్రైవ్‌లు, వాటి మీద జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్. నాలుగూ కలిపి 'రెయిడ్‌జెడ్1' అనే పద్ధతిలో పెట్టా. మొత్తం 16 టీబీలో 12 వాడుకోవచ్చు, మిగిలిన 4 టీబీ అంత చోటు రక్షణకి పోతుంది. అందులో 9.2 టీబీ నిండిపోయింది.

ఈ రక్షణ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళకి ఒక చిన్న లెక్క. కాగితం మీద 7, 5, 9 అని మూడు అంకెలు రాసుకోండి. నాలుగో చోట వాటి మొత్తం 21 రాయండి. ఇప్పుడు 5 చెరిగిపోయింది అనుకోండి. 21 లోంచి 7, 9 తీసేస్తే 5 మళ్ళీ వచ్చేస్తుంది. దీన్నే పారిటీ అంటారు. కంప్యూటర్ చేసేది కూడిక కాదు, ఎక్స్ఆర్ అనే ఆపరేషన్, కానీ ఐడియా ఇదే. అయితే ఒకేసారి రెండు అంకెలు చెరిగిపోతే? 21 ఒక్కటే చేతిలో ఉంటే ఏమీ చేయలేం. రెయిడ్‌జెడ్1 అంటే ఇంతే, ఒక డ్రైవ్ పోతే పర్లేదు, రెండోది పోతే మొత్తం పోయినట్టే. రెయిడ్‌జెడ్2లో రెండు వేర్వేరు లెక్కలు రాసిపెట్టుకుంటాం, కాబట్టి ఏ రెండు పోయినా తట్టుకుంటుంది. మిర్రర్ అంటే ఈ లెక్కలేమీ లేవు, ఒక డ్రైవ్‌కి ఇంకో డ్రైవ్ జిరాక్స్ కాపీ.

ఇదేమీ కొత్త విద్య కాదు. 1988లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు రాసిన పేపర్‌తో రెయిడ్ అనే పేరు స్థిరపడింది. ఖరీదైన పెద్ద డిస్క్ ఒకటి కొనే బదులు చవక డిస్క్‌లు కొన్ని కలిపి వాడదాం అన్నది దాని సారాంశం.

అవే నాలుగు 4 టీబీ డ్రైవ్‌లని ఎన్ని రకాలుగా పెట్టొచ్చో చూడండి. రక్షణే వద్దు అంటే 16 టీబీ వస్తుంది, ఒక్కటి పోతే అన్నీ గోవిందా. రెయిడ్‌జెడ్1 అయితే 12. రెయిడ్‌జెడ్2 అయితే 8. రెండు జతల మిర్రర్లు పెట్టినా 8. చివరి రెండింటికీ చోటు ఒకటే, కానీ తేడా ఉంది. రెయిడ్‌జెడ్2లో ఏ రెండు డ్రైవ్‌లు పోయినా బతుకుతాం. మిర్రర్ జతల్లో ఒకటి పోయాక మిగిలిన మూడిట్లో దాని జోడీ కూడా పోతే పూల్ మొత్తం పోతుంది, మిగతా రెండిట్లో ఏది పోయినా పర్లేదు. లెక్క ప్రకారం రెయిడ్‌జెడ్2 గట్టిది. కానీ మిర్రర్‌లో రెండు సుఖాలున్నాయి. చోటు పెంచాలంటే నాలుగూ మార్చక్కర్లేదు, ఒక జత మారిస్తే చాలు. ఇంకోటి, పాడైన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టినప్పుడు దాని జోడీ ఒక్కదాన్ని చదివితే సరిపోతుంది. రెయిడ్‌జెడ్‌లో మిగిలినవన్నీ చదవాలి. ఐదేళ్ళు పైబడిన ముసలి డ్రైవ్‌లని గంటల తరబడి ఆపకుండా చదివిస్తే వాటిలో ఇంకోటి కూలబడే ఛాన్స్ ఎప్పుడూ ఉంటుంది. నావి నాలుగూ ఒకే రోజు ఒకే షాపులో కొన్నవి.

ఇక్కడ యూట్యూబ్‌లో బాగా తిరిగే ఒక లెక్క గురించి చెప్పాలి. మామూలు హార్డ్ డ్రైవ్ స్పెక్ షీట్‌లో, 10కి 14వ ఘాతం అన్ని బిట్లు చదివితే ఒక్కసారి చదవలేని ఎర్రర్ రావచ్చు అని రాసి ఉంటుంది. అంటే 12.5 టీబీ. దాన్ని పట్టుకుని "12 టీబీ రీబిల్డ్ చేస్తే ఫెయిల్ అయి తీరుతుంది" అని భయపెడతారు. అది కంపెనీ ఇచ్చే హామీ హద్దు, అంతే. నిజానికి మంచి డ్రైవ్‌లు ప్రతి నెలా మొత్తం చదివినా ఒక్క ఎర్రర్ లేకుండా నడుస్తుంటాయి. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రీబిల్డ్ మధ్యలో ఒక చోట చదవలేకపోతే మామూలుగా ఆ చోట ఉన్న ఫైల్ పేరు చెప్పి, ఇది పోయింది అని ముందుకెళ్తుంది. పూల్ మొత్తాన్ని పారేయదు. కాబట్టి అంత భయం అక్కర్లేదు. కాకపోతే ఆ పోయిన ఒక్క ఫైల్ తాతయ్యది అయితే నాకు పూల్ మొత్తం పోయినట్టే, అది వేరే సంగతి.

సరే, స్మార్ట్ రిపోర్ట్ తీసి చూశా. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే డైరీ లాంటిది అది. అందులో నేను చూసేవి మూడే. 5వ నంబర్ అంటే పాడైపోయి వేరే చోటుకి మార్చిన సెక్టార్లు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. 199 అంటే కేబుల్‌లో వచ్చే తప్పులు. 199 పెరుగుతుంటే డ్రైవ్‌ని తిట్టకండి, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. నాకు 197లో 24 ఉంది. కేబుల్ గోల కాదు, డ్రైవ్‌కే వయసైపోయింది.

మొదట వచ్చిన ఆలోచన, ఒక 4 టీబీ కొత్తది తెచ్చి దాని ప్లేస్‌లో పెట్టేద్దాం అని. మీరెవరైనా ఇలా చేస్తే ఒక మాట. పాడవుతున్న డ్రైవ్‌ని ముందే పీకేయకండి. దాన్ని అలాగే ఉంచి, కొత్తది పక్కన కనెక్ట్ చేసి, అప్పుడు రీప్లేస్ కమాండ్ ఇవ్వండి. పాతది ఊపిరితో ఉన్నంతసేపు రీబిల్డ్‌కి అదీ ఒక చెయ్యి వేస్తుంది. పీకేశారంటే ఆ క్షణం నుంచి మీకు రక్షణ సున్నా.

రెండో ఆలోచన, ఇంకో డ్రైవ్ చేర్చి ఐదు చేద్దాం అని. 2025 జనవరిలో వచ్చిన ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3 నుంచి రెయిడ్‌జెడ్‌లో ఒక్కో డ్రైవ్ చేర్చుకునే వీలు వచ్చింది. అంతకుముందు లేదు. దీనికోసం జనం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. కానీ పాత డేటా పాత లెక్కలోనే ఉండిపోతుంది, మళ్ళీ రాస్తే తప్ప కొత్త డ్రైవ్ వల్ల వచ్చే పూర్తి లాభం దానికి రాదు. ఇంకా ముఖ్యంగా, రక్షణ మాత్రం ఒక్క డ్రైవ్‌కే. నాలుగు ముసలి డ్రైవ్‌లకి ఐదోది తోడు. రెయిడ్‌జెడ్1ని అక్కడికక్కడే రెయిడ్‌జెడ్2గా మార్చే దారి లేదు, మొత్తం ఖాళీ చేసి మళ్ళీ కట్టాల్సిందే.

సైజులు తేడా ఉన్న డ్రైవ్‌లు ఉన్నవాళ్ళు అన్‌రెయిడ్, స్నాప్‌రెయిడ్ లాంటివి చూడండి. రెయిడ్‌జెడ్‌లో అన్నిటికంటే చిన్న డ్రైవ్ ఎంతో మిగతావన్నీ అంతే లెక్క. నాకు ఆ బాధ లేదు కాబట్టి దాంట్లోకి వెళ్ళలేదు.

ఇలా కాసేపు క్యాలిక్యులేటర్ కొట్టాక ఒక పని చేశా, అసలు ముందే చేయాల్సింది. ఈ 9.2 టీబీలో ఏముందో కూర్చుని రాసుకున్నా. ఇంట్లోవాళ్ళ ఫొటోలు, వీడియోలు, తాతయ్య క్యాసెట్లు కలిపి 1.4 టీబీ. సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు, ఫోన్ బ్యాకప్‌లు 0.3. మన ఎపిసోడ్ల రా ఫుటేజ్ 4.5. మిగిలిన 3 టీబీ సినిమాలు, లినక్స్ ఫైళ్ళు, పాత ల్యాప్‌టాప్ బ్యాకప్‌లు. ఒకే ల్యాప్‌టాప్‌ని మూడు సార్లు బ్యాకప్ తీసి మూడూ దాచుకున్నా, నవ్వకండి.

చూడండి ఇప్పుడు. పోతే మళ్ళీ తెచ్చుకోలేనిది 1.7 టీబీ. అంటే ఐదో వంతు కూడా లేదు. సినిమాలకీ తాతయ్యకీ ఒకే రకం రక్షణ ఇచ్చి, మొత్తానికి రెయిడ్‌జెడ్1 బెటరా రెయిడ్‌జెడ్2 బెటరా అని తల బద్దలు కొట్టుకుంటున్నా. పైగా ఎంత గట్టి రెయిడ్ అయినా నేను పొరపాటున డిలీట్ కొడితే ఆపదు. నాలుగు డ్రైవ్‌ల్లోనూ శ్రద్ధగా డిలీట్ చేస్తుంది. పవర్ సప్లై కాలితే, దొంగ క్యాబినెట్ ఎత్తుకెళ్తే, రాన్సమ్‌వేర్ వస్తే అన్నీ కలిసే పోతాయి. ఒక డ్రైవ్ చచ్చినా సర్వర్ ఆగకుండా నడవాలి అన్నదే రెయిడ్ పని. పోయినదాన్ని తెచ్చివ్వడం బ్యాకప్ పని.

అందుకే ఆ రాత్రే, కొత్త ప్లాన్ ఏదీ మొదలుపెట్టకముందే, ఇంట్లో పడి ఉన్న 2 టీబీ పోర్టబుల్ డ్రైవ్ తీసి ఆ 1.7 టీబీ కాపీ పెట్టా. ఐదు గంటలు పట్టింది. ఆ తర్వాతే నిద్రపోయా.

మర్నాడు సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళి రెండు 12 టీబీ డ్రైవ్‌లు తెచ్చా, వేర్వేరు షాపుల్లో, కావాలనే. ఒకే బ్యాచ్‌వి అయితే ఒకేలా చెడే అవకాశం ఎక్కువ అని నా అనుమానం. కొనేటప్పుడు సీఎంఆర్ డ్రైవ్‌లేనా అని మోడల్ నంబర్‌తో డేటాషీట్‌లో చెక్ చేశా. ఇది చాలామంది వదిలేస్తారు. ఎస్ఎంఆర్ అని ఇంకో రకం ఉంది. పాత పెంకుటింటి కప్పు చూశారు కదా, ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి ఉంటుంది. ఈ డ్రైవ్‌లో ట్రాకులు అలా ఉంటాయి. చదవడానికి ఇబ్బంది లేదు. మధ్యలో ఒకటి మార్చి రాయాలంటే దాని మీదున్న వరసంతా తీసి మళ్ళీ పేర్చాలి. అందుకే రీబిల్డ్ టైమ్‌లో విపరీతంగా నెమ్మదిస్తుంది. 2020లో కొన్ని డ్రైవ్ మోడళ్ళు ఈ రకమని కంపెనీలు ముందే చెప్పలేదని బయటపడి పెద్ద గొడవే అయింది. అప్పట్నుంచి నేను డబ్బా మీద రాసింది నమ్మను.

రెండు 12లు మిర్రర్ పెడితే వచ్చేది 12 టీబీ. అవును, 24 టీబీకి డబ్బు కట్టి మునుపు ఉన్నంతే చోటు తెచ్చుకున్నా. సిస్టమ్‌లో చూస్తే అది కూడా 10.9 అనే కనిపిస్తుంది, ఎందుకంటే కంపెనీవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది. అందులో కూడా 80 శాతం దాటకుండా చూసుకోవాలి, నిండేకొద్దీ జెడ్‌ఎఫ్‌ఎస్ నెమ్మదిస్తుంది.

మరి ఎందుకు కొన్నట్టు? నాలుగు పాత డ్రైవ్‌లు తిరిగే చోట రెండే తిరుగుతాయి, కరెంటు, వేడి తగ్గుతాయి. చోటు చాలనప్పుడు ఇంకో జత చేరిస్తే సరి. అన్నిటికంటే ముఖ్యం, పాతవాటిలో మూడు బాగానే ఉన్నాయి, అవి బ్యాకప్‌కి మిగులుతాయి. ఆ మూడిట్లో రెండు తీసి ఇదే పూల్‌కి ఇంకో మిర్రర్‌గా కలిపితే 16 టీబీ అయ్యేది కదా అని మీరు అనొచ్చు. నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ పూల్‌లో ఏ ఒక్క జత మొత్తం పోయినా పూల్ అంతా పోతుంది. కొత్త డ్రైవ్‌ల మీదున్న డేటా ప్రాణాన్ని తీసుకెళ్ళి ముసలి డ్రైవ్‌లకి ముడిపెట్టడం ఎందుకు?

ఇప్పుడు మార్చే పని. అన్నిటికంటే ప్రమాదం ఇక్కడే అని నా అభిప్రాయం. మామూలు రోజుల్లో డ్రైవ్‌లు చచ్చేదానికంటే, మనం స్క్రూడ్రైవర్ పట్టుకుని సర్దుతున్నప్పుడు పోయే డేటానే ఎక్కువ అనిపిస్తుంది నాకు. నా రూల్ ఒక్కటే. ఏ నిమిషంలోనూ ముఖ్యమైన ఫైల్ రెండు చోట్ల కంటే తక్కువ ఉండకూడదు.

నా బోర్డ్‌లో ఆరు సాటా పోర్టులున్నాయి కాబట్టి పాత నాలుగూ కొత్త రెండూ ఒకేసారి తగిలించా. పవర్ కోసం చవక మోలెక్స్ టు సాటా కన్వర్టర్లు వాడకండి, ప్లాస్టిక్ పోత పోసినవి కొన్ని కాలిపోతాయి. ముందు కొత్త రెండిటికీ లాంగ్ స్మార్ట్ టెస్ట్ పెట్టా, దాదాపు ఒక రోజు పట్టింది. కొత్త డ్రైవ్ చెడిపోతే రిటర్న్ టైమ్ ఉండగానే చెడిపోవాలి. పూల్ చేసేటప్పుడు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు కాకుండా సీరియల్ నంబర్ ఉండే బై-ఐడీ పేర్లు ఇచ్చా. రీస్టార్ట్ అయితే ఆ అక్షరాలు తారుమారు అవుతాయి, అప్పుడు తప్పు డ్రైవ్ పీకేస్తాం. ప్రతి డ్రైవ్ మీద సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి అంటించా కూడా.

తర్వాత స్నాప్‌షాట్ తీసి, సెండ్, రిసీవ్ కమాండ్లతో కాపీ మొదలుపెట్టా. సెకనుకి 150 ఎంబీ చొప్పున 9.2 టీబీకి పదిహేడు గంటలు. ఆరు గంటలయ్యాక కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, దాంట్లో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, నేను చూసుకోలేదు. సర్వర్ ఠప్పుమని ఆఫ్. పాత డేటాకి ఏమీ కాలేదు, జెడ్‌ఎఫ్‌ఎస్ ఉన్నదాని మీదే తిరిగి రాయదు కాబట్టి. కానీ ఆ ఆరు గంటల పని నీళ్ళపాలు. రిసీవ్‌కి 'మైనస్ ఎస్' అని పెట్టి ఉంటే ఆగిన చోట నుంచి మళ్ళీ మొదలుపెట్టుకునే టోకెన్ దొరికేది. రెండోసారి పెట్టా, యూపీఎస్ బ్యాటరీ కూడా మార్చా.

కాపీ అయ్యాక కొత్త పూల్ మీద స్క్రబ్ నడిపా. స్క్రబ్ అంటే ప్రతి బ్లాకునీ చదివి దాని చెక్‌సమ్‌తో సరిపోల్చడం. సున్నా ఎర్రర్లు. అప్పుడు కూడా పాత పూల్‌ని చెరపలేదు, ఎక్స్‌పోర్ట్ చేసి, వైర్లు పీకి, నాలుగు డ్రైవ్‌లనీ బీరువాలో పెట్టా. రెండు వారాలు కొత్తదాని మీద మామూలుగా పనిచేశాక పాతవి తుడిచేశా. డబ్బులు సరిపోక ఒక కొత్త డ్రైవ్ ఇప్పుడు, రెండోది వచ్చే నెల కొనాలనుకునేవాళ్ళు అలాగే చేయొచ్చు, తర్వాత అటాచ్ చేస్తే మిర్రర్ అయిపోతుంది. కానీ ఆ నెలంతా పాత పూల్‌ని ముట్టుకోకూడదు.

చెడిన డ్రైవ్ స్క్రాప్‌కి వెళ్ళింది. మిగిలిన మూడిట్లో ఒకటి ఎడిటింగ్‌కి, పోయినా బాధలేని పనులకి. రెండిటి మీద ఆ 1.7 టీబీ మాత్రం, ఎన్‌క్రిప్ట్ చేసి. ఒకటి ఇక్కడ హైదరాబాద్‌లో డ్రాయర్‌లో, రెండోది తణుకులో అమ్మ బీరువాలో, పట్టుచీరల పక్కన సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో. సంక్రాంతికి వెళ్ళినప్పుడు తాజాది ఇచ్చి పాతది తెచ్చుకుంటా, దసరాకి మళ్ళీ మార్పు. క్లౌడ్‌లో పెట్టొచ్చు కదా అంటారు. 15 జీబీ ఫ్రీలో 1.7 టీబీ పట్టదు, నెలనెలా కట్టడం నాకు ఇష్టం లేదు. మీ డేటా 100 జీబీ లోపు అయితే మాత్రం క్లౌడ్ ఒక కాపీగా మంచిదే, ఈ డ్రైవ్‌ల గోల మీకు వద్దు.

ఇందులో ఒక తింగరి పని కూడా చేశా. ఆ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ నా పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంది. దాని వాల్ట్ బ్యాకప్ సర్వర్‌లో ఉంది. అంటే సర్వర్ కాలిపోతే, తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టే. ఇప్పుడు కాగితం మీద రాసి అక్కకిచ్చా. డ్రైవ్ అమ్మ దగ్గర, కాగితం అక్క దగ్గర.

పోయినసారి తణుకు వెళ్ళినప్పుడు అక్కకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ చదివించుకుని, నా ల్యాప్‌టాప్‌కి ఆ డ్రైవ్ తగిలించి, తాతయ్య ఫైల్ ప్లే చేసి చూశా. పనిచేసింది. అమ్మ పక్కన కూర్చుని మూడో పద్యం దాకా వింది, "ఇది ఎప్పుడో ఫోన్‌లో పంపావుగా, మళ్ళీ ఇదంతా ఎందుకురా" అంది. నిజమే, ఆ ఒక్క ఫైల్‌కి అమ్మ ఫోన్ కూడా ఒక కాపీనే. మిగతా ఐదూ ఇంకా పంపలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో స్క్రబ్ నెలకోసారి తనంతట తనే నడిచేలా, ఎర్రర్ వస్తే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా ఎలా పెట్టాలో చూపిస్తా. ఉంటానండి.